సవరణ: తిరిగే బొమ్మ అంచుల్లో మెట్లు

తేలియా రుమాలు (ఒక రకం ఇక్కత్ నేత గుడ్డ) బొమ్మను కాన్వాస్‌పై (వెబ్ పేజీలో కోడ్‌తో బొమ్మలు గీసే చోటు) తిప్పడం గురించి, నల్లగొండలోని ఒక చేనేత దుకాణం పేజీ కోసం రాసిన పోస్టులో, అంచులు రంపపు పళ్లలా కనిపిస్తే బొమ్మను నునుపుగా చూపే ‘ఇమేజ్‌స్మూతింగ్‌ఎనేబుల్డ్’ సెట్టింగును ట్రూ (ఆన్) చేయాలని ఉంది. ఆ వాక్యం తీసేశాను. అది మొదటి నుంచీ ట్రూగానే ఉంటుంది. పైగా దాని పని బొమ్మ లోపలి పిక్సెళ్ల మీదే. బయటి అంచు సంగతి వేరు.

రంగు చివరిదాకా నిండిన బొమ్మ చుట్టూ ఒకటి రెండు పిక్సెళ్ల పారదర్శక ఖాళీ వదిలి పీఎన్‌జీగా సేవ్ చేయండి. తిప్పినప్పుడు రంగు ఆ ఖాళీతో కలిసి అంచు నునుపవుతుంది. జేపీజీలో పారదర్శకత ఉండదు.

అసలు తిప్పలు గుండ్రటి బొమ్మలతో. ప్రతి ఫ్రేముకు (బొమ్మను కొత్తగా గీసే ప్రతిసారికి) ముందు కాన్వాస్‌ను తుడిచే క్లియర్‌రెక్ట్ ఆదేశాన్ని పిలవకపోతే, సగం పారదర్శకంగా ఉన్న అంచు పిక్సెళ్లు ఒకదానిపై ఒకటి పేరుకుని గట్టిపడతాయి. వృత్తం ఎంత తిరిగినా వృత్తమే కాబట్టి పాత ఫ్రేములు మిగిలిన సంగతి కంటికి తెలియదు. తుడిచే ముందు సెట్‌ట్రాన్స్‌ఫామ్ ఆదేశంతో కాన్వాస్ తిప్పుడును రద్దు చేయండి, లేకపోతే మూలలు మిగిలిపోతాయి.

ఫోన్లలో మాత్రమే మెట్లు కనిపిస్తే కాన్వాస్ వెడల్పు, ఎత్తులను డివైస్‌పిక్సెల్‌రేషియోతో (పేజీలోని ఒక పిక్సెల్‌కు తెర మీద ఎన్ని అసలు పిక్సెళ్లో చెప్పే సంఖ్య) గుణించి, పేజీలో కనిపించే పరిమాణాన్ని చెప్పే సీఎస్ఎస్ కొలతలను పాతవే ఉంచండి. వెడల్పు మార్చగానే స్కేల్ (గీసేదాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్న అమరిక) చెరిగిపోతుంది, మళ్లీ పెట్టాలి.

అన్నట్టు, ఈ తేలియా రుమాళ్లు నేసే పుట్టపాక ఊళ్లో నూలుకు ముందే రంగు వేసి నేస్తారు. నమూనా గీతలు కాస్త చెదరడం ఆ నేత గుణం, దాన్ని సరిచేయబోకండి.