ఆ తోటలు తేలవు బాబాయ్

మా కుటుంబం గ్రూపులో మూడు నెలలకోసారి తిరిగొచ్చే వీడియో ఒకటుంది. డ్రోన్‌తో పైనుంచి తీసింది. సన్నటి కాలవలు, వాటి మధ్య పచ్చటి మడులు, నెమ్మదిగా పోతున్న రంగుల పడవ, వెనకాల వేణువు. కింద తెలుగులో ఇలా ఉంటుంది: "మెక్సికోలో అజ్టెక్‌లు 700 ఏళ్ల క్రితమే నీటి మీద తేలే తోటలు కట్టారు. మట్టి అక్కర్లేదు. నీళ్లు పెట్టే పని లేదు. ఏడాదికి 7 పంటలు. ఈనాటికీ చెక్కుచెదరలేదు, పడవలో ప్రశాంతంగా తిరిగి చూడొచ్చు. మన కొల్లేట్లో ఎందుకు చెయ్యం? షేర్ చెయ్యండి." మొన్న మళ్లీ బాబాయి పంపాడు. కింద పద్నాలుగు దణ్ణాలు, మూడు జెండాలు. జెండాలెందుకో నాకిప్పటికీ తెలీదు.

ఆ చోటు పేరు సోచిమిల్కో. మెక్సికో సిటీకి దక్షిణపు కొసన ఉంటుంది. రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద ఆ ఊళ్లో ఉన్నప్పుడు ఒకరోజు తెల్లారుజామునే లేచి వెళ్లాను. అద్భుతమైన చోటు, అందులో గొడవేం లేదు. గొడవంతా ఆ రాతతోనే. ఒక్కొక్క ముక్కే తీసుకుందాం.

"నీటి మీద తేలే తోటలు."

తేలవు. అంగుళం కూడా కదలవు. వాటిని చినాంపాలంటారు. లోతు తక్కువున్న చెరువులో గుంజలు పాతి, రెల్లు, కొమ్మలు అల్లి దడి కడతారు. దాని లోపల ఒక వరస తుంగ, గడ్డి, ఒక వరస అడుగు నుంచి తోడిన బురద, మళ్లీ గడ్డి, మళ్లీ బురద. నీటిమట్టానికి కాస్త పైకి తేలేదాకా ఇలా నింపుకుంటూ పోతారు. ఇక్కడ తేలడమంటే బయటపడడం, అంతే. అంచుల వెంబడి అవెహోతె అనే విల్లో జాతి చెట్లు నాటుతారు. మన తీరంలో సరుగుడు తోటల్లా నిటారుగా, సన్నగా పెరుగుతాయి, పంట మీద నీడ పెద్దగా పడనివ్వవు. వాటి వేళ్లు చెరువు అడుగుదాకా దిగి గట్టుని పట్టుకుంటాయి. తేలే చాప మీద రెండంతస్తుల ఎత్తు చెట్టు నిలబడుతుందా? వీడియోలో ఆ చెట్లు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి, ఎవరూ చూడరు.

పేరు చూసినా తెలుస్తుంది. అక్కడి నావాత్ల్ భాషలో చినామిత్ల్ అంటే దడి. గోదావరి జిల్లాల వాళ్లకైతే ఒక్క మాట చాలు: లంక. మన లంకల్ని ఏరు ఒండ్రు పోసి తయారుచేస్తుంది, వాళ్లు చేతులతో తయారుచేసుకున్నారు.

మరి ఈ తేలడం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇది వాట్సాప్ పుట్టించింది కాదు, చాలా పాతది. 1590లోనే అకోస్తా అనే స్పానిష్ పాదిరీ నీటి మీద కదిలే తోటల గురించి రాశాడు. అజ్టెక్‌లు ఇంకా చిన్న జాతిగా ఉన్న రోజుల్లో, పొరుగు రాజొకడు కప్పం కింద పంటతో సహా తేలే తోట ఒకటి లాక్కురమ్మన్నాడని ఓ కథ ఉంది. 1780లో క్లావిహేరో అనే మరో పాదిరీ దాన్ని ఇంకాస్త విస్తరించాడు. ఆయన మెక్సికోలోనే పుట్టినవాడే గానీ, 1767లో స్పెయిన్ రాజు ఆయన ఉన్న జెసూట్ అనే పాదిరీల సంఘాన్ని తన రాజ్యం నుంచి వెళ్లగొట్టడంతో ఇటలీలో కూర్చుని రాశాడు. ఆ తర్వాత యూరప్ అంతా అదే మాట.

వాళ్లు పూర్తిగా కల్పించారని కూడా అనలేను. అప్పట్లో చెరువు మీద దట్టంగా అల్లుకుని తేలే గడ్డి చాపలుండేవి. వాటిని ముక్కలుగా కోసి, పడవకి కట్టి లాక్కొచ్చి, కావలసిన చోట ఒకదాని మీద ఒకటి పేర్చి ముంచేవాళ్లు. చినాంపాకి అది పునాది. దూరం నుంచి చూసినవాడికి పచ్చటి నేల ముక్క ఒకటి నీటి మీద పోతున్నట్టే ఉంటుంది. తేలింది ఇటుక. ఇల్లు కాదు.

"అజ్టెక్‌లు కట్టారు."

సగం. సోచిమిల్కోలో ఉండేది సోచిమిల్కా అనే వేరే జనం. వాళ్లు చినాంపాలు కట్టుకుని బతుకుతుంటే 1430 ప్రాంతంలో అజ్టెక్‌లు వచ్చి ఓడించారు. ఆ తర్వాత రాజధాని తెనోచ్‌తిత్లాన్ కడుపు నింపడానికి వాటిని బాగా పెంచారు, ఆ పేరు వాళ్లకి ఇవ్వాల్సిందే. ముందు నుంచీ కట్టుకున్నది మాత్రం ఓడిపోయినవాళ్లు.

"మట్టి అక్కర్లేదు."

ఈ ఒక్క వాక్యానికే నాకు నిజంగా కోపమొచ్చింది. మట్టి లేని సేద్యం అని హైడ్రోపోనిక్స్ కంపెనీల వాళ్లు కూడా ఈ వీడియో వాడుకుంటున్నారు. చినాంపా మొత్తం మట్టే. మట్టి కూడా కాదు, బురద.

నేను వెళ్లిన రోజు ఒక ముసలాయన నారుమడి వేస్తున్నాడు. కాలవ అడుగు నుంచి నల్లటి బురద తోడి, గట్టు పక్కన చిన్న మడిలా పరిచాడు. జానెడు మందం కూడా లేదు. కాసేపటికి అది గట్టి పెరుగులా అయింది. అప్పుడు కత్తితో అడ్డంగా, నిలువుగా గీతలు గీశాడు, అచ్చం పళ్లెంలో మైసూర్ పాక్ కోసినట్టు. ఒక్కో బిళ్ల మధ్యలో వేలితో గుంట పెట్టి, ఒక గింజ వేసి, పైన పొడి ఎరువు చల్లాడు. ఆ బిళ్లని చపీన్ అంటారట. మొలకొచ్చి నాలుగాకులు వేశాక బిళ్లని బిళ్లగా తీసి మడిలో పెట్టేస్తారు. వేరు కదలదు, నారు వాడదు. నర్సరీల్లో మనం వాడే ప్లాస్టిక్ ట్రే పని బురద చేస్తోంది.

నన్ను తీసుకెళ్లిన పడవాయన్ని "ఇవి తేలతాయా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. చేతిలో గెడ తీసి ఎదురుగా ఉన్న గట్టులోకి గట్టిగా పొడిచి వదిలేశాడు. గెడ అలాగే నిలబడింది. పడవ మాత్రం కొంచెం వెనక్కి జరిగింది.

"నీళ్లు పెట్టే పని లేదు."

ఇందులో నిజముంది. మడి వెడల్పు తక్కువ, అటూ ఇటూ కాలవ. పక్కల నుంచి, అడుగు నుంచి చెమ్మ ఊరుతూ వేళ్లకి అందుతుంది. ఆ వెడల్పు అంతే ఉంచడం కూడా లెక్క ప్రకారమే, మరీ పెంచితే మధ్యలో ఎండుతుంది. కానీ నారుకి, ఎండాకాలంలో ఆకుకూరలకి పైనుంచి తడి కావాలి. నేను చూసిన మడిలో చిన్న పెట్రోలు పంపు, నీలం రంగు గొట్టం ఉన్నాయి. వీడియోలో పంపు కనిపించదు, వేణువు వినిపిస్తుంది. పైగా కాలవలో బురద తోడకపోతే కాలవ పూడుతుంది, తోడి మడిలో వెయ్యకపోతే మడి కుంగుతుంది. నీళ్లు పెట్టే చాకిరీ తగ్గింది, బురద మోసే చాకిరీ వచ్చింది.

"ఏడాదికి 7 పంటలు."

ఏడు పంటలంటే మనవాళ్లు ఏడు వరి కోతలు ఊహించుకుంటారు. అక్కడ మొక్కజొన్న కోతకి రావడానికే దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలంలో రాత్రిళ్లు మంచు కాటేస్తుంది. ముల్లంగి, కొత్తిమీర, పాలకూర లాంటివి వేస్తే మడి చాలాసార్లు చేతులు మారుతుంది. మొదటి నెల నారుమడిలోనే గడిచిపోతుంది కాబట్టి పెద్ద మడి ఖాళీగా ఉండదు, అదీ కిటుకు. మన తోటకూర మడి లెక్క వేసుకున్నా ఏడు వస్తుంది. అన్నట్టు, అక్కడ వెర్దొలాగ అని కట్టలు కట్టి అమ్ముతుంటే ఏమిటా అని చూశాను. గంగపాయలకూర! పప్పులో వేసుకునేదే. వాళ్లు పంది మాంసంతో వండుకుంటారు.

"ఈనాటికీ చెక్కుచెదరలేదు."

ఇది రాసినవాడు కాలవ నీళ్లు వాసన చూసి ఉండడు. ఒకప్పుడు ఆ లోయలో ఐదు చెరువులు కలిసి ఉండేవి. స్పెయిన్ వాళ్లు వచ్చాక వరద భయంతో నీళ్లు బయటికి తోడడం మొదలుపెట్టారు, 1607లో తవ్వకాలు మొదలై శతాబ్దాల తరబడి సాగాయి. సోచిమిల్కోకి ప్రాణం అక్కడి ఊటలు. 20వ శతాబ్దం మొదట్లో ఆ ఊట నీళ్లని గొట్టాల్లో నగరానికి పట్టుకుపోయారు. ఇవాళ కాలవల్లో నిండుగా కనిపించే నీళ్లలో ఎక్కువ భాగం మురుగు శుద్ధి చేసి వదిలేవే. నగరం భూగర్భ జలం తోడేకొద్దీ నేల కుంగుతోంది, అదీ ఎగుడుదిగుడుగా. చాలా చినాంపాలు బీడు పడ్డాయి, కొన్ని ఫుట్‌బాల్ మైదానాలయ్యాయి. 1987లో యునెస్కో వారసత్వ హోదా, 2004లో చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి, అవేవీ ఊటల్ని వెనక్కి తేలేదు.

ఆ కాలవల్లో మాత్రమే సహజంగా బతికే అహొలోతె అనే జీవి ఉంది. బల్లిలా నాలుగు కాళ్లు, మెడ చుట్టూ ఈకల్లాంటి మొప్పలు, తెగిన కాలు మళ్లీ మొలుస్తుంది. 1998లో చదరపు కిలోమీటరుకి 6,000 చొప్పున ఉన్నాయని లెక్కేశారు. 2014 లెక్కలో 36. మురుగుతో పాటు, జనానికి తిండి కోసమని తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు వాటి గుడ్లూ పిల్లలూ తినేశాయి. 2021లో వచ్చిన 50 పెసోల నోటు మీద దాని బొమ్మ వేశారు, వెనకాల చినాంపాతో సహా. కాలవలో కన్నా జేబుల్లోనే ఎక్కువున్నాయి.

"పడవలో ప్రశాంతంగా."

ఏ వారం వెళ్లారో, ఏ రేవులో ఎక్కారో దాన్ని బట్టి. ఆదివారం నాతివితాస్ రేవులో ఎక్కితే రంగుల పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. ఒక పడవలో బాజా బృందం, ఇంకోదాంట్లో బీర్లు, మూడోదాంట్లో పుట్టినరోజు. తప్పు పట్టడం లేదు, అదో సరదా. ప్రశాంతత కావాలంటే మామూలు రోజున, చీకటితో లేచి, క్వెమాంకో వైపు నుంచి వెళ్లాలి. గెడ నీళ్లలో దిగే చప్పుడు, కొంగలు, మడి మీద పొగమంచు. నాకు ఆ రెండు గంటలు దొరికాయి.

"మన కొల్లేట్లో ఎందుకు చెయ్యం?"

బాబాయి అసలు ప్రశ్న ఇదే, ఆయన కైకలూరు మనిషి. చినాంపా అంటే చెరువులో మట్టి పోసి నేల చెయ్యడం. కొల్లేట్లో గట్లు పోసి మనం చేసింది ఇంచుమించు అదే కదా, కాకపోతే కూరల బదులు చేపల కోసం. 2006లో ఆ గట్లని పేల్చి తీయించాల్సి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదని పట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలడం కొల్లేరు పని. మధ్యలో ఎత్తు చేసే ప్రతి మడీ ఆ నీళ్లకి అడ్డమే. ఎండాకాలం ఉప్పుటేరులో నుంచి ఉప్పు నీళ్లు పైకి ఎగదన్నుతాయి కూడా. తెనోచ్‌తిత్లాన్ వాళ్లు కూడా వరదకీ, పక్క చెరువులోని ఉప్పు నీళ్లకీ అడ్డంగా 15వ శతాబ్దంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డుకట్ట కట్టుకున్నారు. ఆ కట్ట సంగతి వీడియోలో లేదు.

నిజంగా తేలేవే కావాలంటే మెక్సికో దాకా పోనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో బరిశాల్, గోపాల్‌గంజ్ వైపు గుర్రపుడెక్కని వరసలుగా పేర్చి, తొక్కి, దాని మీద నారు పెంచుతారు. వరద పెరిగితే మడి కూడా లేస్తుంది. నీళ్లు తీశాక అదే కుళ్లి చలికాలం కూరలకి ఎరువు. కొల్లేట్లో గుర్రపుడెక్కకి కరువేం లేదు, అడగాల్సిన ప్రశ్న అది. కాశ్మీర్ దాల్ సరస్సులోనైతే రెండు రకాలూ ఉన్నాయి: చినాంపాలా నేలకి అంటుకున్నది డెంబ్, తుంగ చాప మీద నిజంగా తేలేది రాడ్. ఆ రాడ్ తోటల్ని రాత్రికి రాత్రి పడవకి కట్టుకుని ఎత్తుకుపోయే దొంగలుండేవాళ్లని అక్కడ చెప్పుకుంటారు.

ఇదంతా వాయిస్ మెసేజ్‌లుగా గ్రూపులో పెట్టాను, నాలుగు ముక్కలుగా. సాయంత్రానికి బాబాయి జవాబిచ్చాడు: "సర్లేరా. ఆ తోటల దొంగల వీడియో ఉంటే పంపు."