కాగితం మీద విశ్రాంతి

1987 మార్చి 6 సాయంత్రం బెల్జియంలోని జీబ్రగ్ రేవు నుంచి బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ఓడ నిమిషాల్లోనే పక్కకు ఒరిగిపోయింది. 193 మంది ప్రాణాలు పోయాయి. వాహనాలు లోపలికి ఎక్కే ముందువైపు తలుపులు తెరిచి ఉండగానే ఓడ కదిలింది. వాటిని మూయవలసిన ఉద్యోగి తన గదిలో నిద్రలో ఉన్నాడు. నేరమంతా ఆయన మీద వేసి ఫైలు మూసేయడం ఎంతో తేలిక. విచారణ జరిపిన జస్టిస్ షీన్ అక్కడితో ఆగలేదు. తలుపులు మూశారో లేదో కెప్టెన్‌కు తెలిసే ఏర్పాటే లేదని, సూచిక దీపాలు పెట్టమని అడిగితే యాజమాన్యం కొట్టిపారేసిందని తేల్చారు. సంస్థకు పై నుంచి కింది దాకా అలసత్వపు జబ్బు పట్టిందని రాశారు. ఓడల భద్రతకు యాజమాన్యాలను జవాబుదారీ చేసే అంతర్జాతీయ నియమావళి 1998 నుంచి అమల్లోకి రావడం వెనుక ఈ ప్రమాదం ఉంది.

సముద్రం ఎరుగని ఓరుగల్లుకు ఈ సంగతి ఎందుకంటే, ప్రపంచ వాణిజ్య నౌకల్లో పనిచేసేవారిలో దాదాపు పదో వంతు భారతీయులే. మర్చంట్ నేవీ కొలువుల మీద ఆశ పెట్టుకున్న యువకులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. 2024 మార్చిలో అమెరికాలోని బాల్టిమోర్ వంతెనను ఢీకొన్న డాలి ఓడ సిబ్బందిలో అత్యధికులు మనవాళ్లే. ఆరుగురు రోడ్డు కార్మికులు చనిపోయిన ఆ ఘటనలో, దర్యాప్తు మొదలుకాకముందే సామాజిక మాధ్యమాల్లో సిబ్బందిని ఆడిపోసుకున్నారు. తీరా తేలింది, సరిగా బిగించని ఒక విద్యుత్ తీగ.

పనిలో మనిషి శక్తినీ పరిమితులనూ చూసే మానవ కారకాల పరిశోధన ఓడల మీద అన్నిటికన్నా ఎక్కువగా పట్టి చూపిన సమస్య అలసట. నావికుడికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నిబంధన. ఇద్దరే అధికారులు వంతులు పంచుకునే చిన్న ఓడలో ఆరు గంటలు విధి, ఆరు గంటలు విరామం. ఆ విరామంలోనే తిండి, స్నానం, కాగితాల పని. అర్ధరాత్రి రేవు చేరితే తాళ్లు కట్టడానికీ సరుకు దించడానికీ మళ్లీ లేవాలి. ఐరోపాలో సిమ్యులేటర్లపై జరిపిన హొరైజన్ పరిశోధన, ఈ పద్ధతిలో తెల్లవారుజామున కునుకు ముప్పు ఎంతగా పెరుగుతుందో చూపింది. అయినా విశ్రాంతి గంటలు రాసే పట్టికల్లో అంతా సవ్యమే. నిబంధన తప్పిందని కంప్యూటర్ ఎర్ర గడి చూపిస్తే, అది పోయేదాకా గంటలు సవరిస్తారు. ఈ దిద్దుబాటు ఎక్కడో ఒకచోట జరిగేది కాదు, మామూలైపోయిన అలవాటని స్వీడన్‌లోని ప్రపంచ మారిటైమ్ విశ్వవిద్యాలయం 2020లో వెల్లడించింది.

తప్పుడు లెక్క మీద నావికుడు ఎందుకు సంతకం పెడతాడు? ఇక్కడే మన ఊళ్ల కథ కలుస్తుంది. కొలువు ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని భారత్ 2015లో ఆమోదించిన నావికుల కార్మిక ఒప్పందం చెబుతోంది. అయినా దళారులు లక్షలు గుంజుతూనే ఉన్నారు. పొలం తాకట్టు పెట్టి ఓడెక్కిన కుర్రాడు ‘నాకు నిద్ర చాలలేదు’ అని ఎవరితో చెప్పగలడు? ఉద్యోగ ఒప్పందం పొడిగించరేమోనన్న భయం ఆ పట్టిక నింపుతుంది. నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు లేని ఏజెంట్ల మీద పోలీసు చర్య తీసుకోవడం, మా దృష్టిలో, సముద్ర భద్రతలో భాగమే.

ఈ జబ్బు ఓడలకే పరిమితం కాదు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టులో నైట్ షిఫ్ట్ డంపర్ నడిపేవారికీ, కాజీపేటలో గూడ్సు బండెక్కే లోకో పైలట్‌కూ తెల్లవారుజాము నాలుగు గంటలు గండమే. బ్రిటన్‌లో నావికులు పేరు బయటపడకుండా ప్రమాదాలను, తృటిలో తప్పిన ముప్పులను చెప్పుకునే స్వతంత్ర వ్యవస్థ ‘చిర్ప్’ 2003 నుంచి నడుస్తోంది. అలాంటిది సింగరేణిలోనూ రైల్వేలోనూ రావాలి. దాన్ని నడిపేది యాజమాన్యం కాకూడదు. వరంగల్ నిట్ ఈ బాధ్యత తలకెత్తుకోవాలని కోరుతున్నాం. షిఫ్టుల అలసటను కొలిచే పరిశోధనను కార్మిక సంఘాలతో కలిసి ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి. ఆ నివేదికలను యాజమాన్యాలకు ఇచ్చిన రోజునే కార్మికులకూ అందించాలి.