గొట్టం కురచైతే పోయేదేమిటి?

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే గుంటూరు, పల్నాడు పల్లెల్లోని లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్ దారి పడతాయి. ఆ రోజుల్లో రచ్చబండ మీద తుపాకీ కబుర్లకు కొదవుండదు. గొట్టం ఎంత పొడవుంటే గురి అంత గట్టిదని, కొంచెం కోసినా ఇక తుపాకీ దండగేనని ఒక నమ్మకం ఆ కబుర్లలో పాతుకుపోయింది. అందులో నిజం తక్కువ. అయినా గొట్టం కోయడం మన చట్టంలో పెద్ద నేరం. ఈ రెంటికీ పొంతన ఎక్కడుందో చూడాలి.

ట్రిగ్గర్ నొక్కితే మందు మండి, గ్యాస్ బుల్లెట్‌ను వెనక నుంచి నెడుతుంది. ఆ తోపు ప్రధానంగా గొట్టంలో ఉన్నంతసేపే. కాబట్టి పొడవు తగ్గితే వేగం తగ్గుతుంది. విదేశాల్లో వేటకు బాగా వాడే .308 రైఫిల్‌లో (ఈ అంకె సుమారుగా తూటా మందం, అంగుళాల్లో) ఈ నష్టం అంగుళానికి సెకనుకు సుమారు 20 నుంచి 30 అడుగులు. 24 అంగుళాల గొట్టం 20కి వస్తే 2,800 అడుగుల వేగం కాస్తా 2,700 అవుతుంది. శక్తిలో 7 శాతం పోయినట్టు. 100 మీటర్ల దూరంలో తూటా తగిలే చోటు ఒక్క సెంటీమీటరు కూడా మారదు! నెమ్మదిగా మండే మందు దట్టించిన మ్యాగ్నమ్ తూటాలకు నష్టం ఇంకాస్త ఎక్కువ. చిన్న .22 రైఫిల్‌కైతే 16 అంగుళాలు దాటాక పొడవుతో ఒరిగేదేమీ ఉండదు.

గురి సంగతి ఇంకా వింత. ఒకే మందమున్న గొట్టాల్లో పొట్టిదే బిగువుగా ఉంటుంది, పేలినప్పుడు తక్కువ ఊగుతుంది. గురి చెడేది మూతి దగ్గర, అంటే తూటా బయటికొచ్చే కొస దగ్గర. బుల్లెట్ చివరగా తాకే ఆ అంచు చుట్టూ సమానంగా ఉండాలి. ఒక పక్క వెంట్రుకవాసి గాటున్నా గ్యాస్ అటుగా ముందు తప్పించుకుని బుల్లెట్ తోకను పక్కకు తోస్తుంది. పైగా మన దగ్గర లైసెన్స్ మీద దొరికే ఇషాపూర్ .315 లాంటి రైఫిళ్లలో గురి చూసే బొడిపె మూతి దగ్గరే ఉంటుంది. గొట్టంతో పాటు అదీ పోతుంది.

వేటగాడిని నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే. పూర్తిగా చల్లారని గ్యాస్ మూతి దగ్గరే బద్దలై చెవులు గింగిర్లెత్తే చప్పుడు, కళ్లు చెదిరే మంట వస్తాయి. తుపాకీ ముందు భాగం బరువు తగ్గడంతో నిలబడి కాల్చేటప్పుడు చెయ్యి కుదురుగా ఉండదు. ఒక్క తూటాకు బదులు చిన్న గుళ్లను (రవ్వలను) గుంపుగా చిమ్మే 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీలో, ఆ రవ్వలను దగ్గరగా పట్టి ఉంచే చోక్ అనే ఇరుకు భాగం కూడా మూతిలోనే ఉంటుంది. దాన్ని కోసేస్తే రవ్వలు చెల్లాచెదురే.

మరి బలం తగ్గిన తుపాకీ అంటే చట్టానికి అంత కోపమెందుకు? 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక లైసెన్స్ లేకుండా గొట్టం కురచ చేయకూడదు. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. వేటకు పెద్దపీట వేసే అమెరికాలోనూ 1934 నాటి ఫెడరల్ చట్టం పొట్టి రైఫిళ్లను వేరే లెక్కలో పెట్టింది. ఇప్పుడు అక్కడ హద్దు 16 అంగుళాలు. చట్టం కొలుస్తున్నది బలాన్ని కాదు, దాచుకునే వీలును. లుంగీ చాటునో సీటు కిందో ఇమిడే తుపాకీ వేటకు అక్కర్లేదు, పాత కక్షలకే అక్కరకొస్తుంది. అందుకే నా ఓటు చట్టానికే. వేటగాడికి పోయేది కొంచెమే అన్నది నిజమైనా, వచ్చేది అంతకన్నా కొంచెం.

మొక్కజొన్న చేను అడవి పందుల పాలవుతున్న రైతు బాధ నిజమే. కానీ 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారి అనుమతి లేనిదే పొడుగు తుపాకీతోనైనా పందిని కొట్టకూడదు. ఆ అనుమతి పైరు చేలో ఉండగానే చేతికి రావాలని అడగడం న్యాయం. లైసెన్స్ రెన్యువల్ వేళ తుపాకీ నంబరుతో పాటు గొట్టం పొడవునూ టేపు పెట్టి కొలిచి పుస్తకంలో తప్పనిసరిగా ఎక్కించడం కూడా అంతే న్యాయం. దానికి పట్టేది రెండు నిమిషాలు.