పసుపు ఫ్యూజు అలవాటు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'పెద్ద ఫ్యూజు వేసేయ్, అదే నిలబడుద్ది' అనే అలవాటు గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, డ్యాష్‌బోర్డు వెనక వైరు మాత్రం మీ దయవల్ల అంత క్షేమంగా లేదు.

అయ్యా, మిమ్మల్ని ఎవరూ పిలవక్కర్లేదు, ఫ్యూజు బాక్సు మూత తీసిన చప్పుడు వినపడితే చాలు ఎవరో ఒకరి నోట్లోంచి ఊడిపడతారు. జరిగిందేంటి, పార్కింగ్ లైట్ల స్విచ్ తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద స్విచ్చుల వెలుగంతా ఆరిపోయింది, దాంతోపాటు వెనక టెయిల్ ల్యాంపులు, నంబర్ ప్లేట్ లైటు కూడా (చాలా బండ్లలో ఇవన్నీ ఒకే ఫ్యూజు మీద కాపురం చేస్తుంటాయి, అందుకే ముందు ఎక్కడో పోతే వెనక చీకటవుద్ది). చూస్తే ఎర్ర ఫ్యూజు, 10 ఆంప్స్‌ది, లోపల రేకు తెగిపోయి ఉంది. కొత్తది పెట్టి స్విచ్ తిప్పితే అదీ టప్పున పోయింది. ఇక మీరు గొంతు సవరించుకుని 'పది ఆగట్లేదు గురూ, పసుపుది వెయ్యి, ఇరవై' అన్నారు, అదేదో వైద్యం చెప్పినట్టు.

మొరుగుతోందని పాత కుక్కని తోలేసి ఇల్లంతా దోచుకుపోయేదాకా నిద్రపోయే కుక్కని తెచ్చి కట్టినట్టుంది సార్ మీ పద్ధతి. ఆ ఫ్యూజు ఉన్నది లైట్ల కోసం కాదు, వైరు కోసం. స్విచ్చుల వెలుగుకి వెళ్లే వైరు చాలా సన్నది, చాలాచోట్ల 0.5 స్క్వేర్ ఎంఎం ఉంటుంది. దాంట్లో కరెంటు ఎక్కువైతే వైరు కాలకముందే తెగడం ఎర్రదాని డ్యూటీ, అది తెగింది, డ్యూటీ చేసింది, దానికి మీరిచ్చిన బహుమానం ట్రాన్స్‌ఫర్. పైగా పచ్చి షార్ట్ అయితే, అంటే రాగి నేరుగా బాడీకి ఒత్తుకుంటే, మీ ఇరవై కూడా దాదాపు అదే స్పీడులో పోతుంది, అది పర్లేదు. భయమంతా సగం షార్ట్‌తోనే, గతుకులో పడినప్పుడు తగిలీ తగలనట్టు తగిలే వైరుతోనే. అక్కడ మీ పసుపుది 'నేనున్నా' అని నిలబడుద్ది, వైరు వేడెక్కుద్ది, తొడుగు మెత్తబడి పక్క వైరుకి అంటుకుంటుంది, అప్పుడు ఒక లైటు సమస్య కాస్తా హార్నెస్ (అంటే వైర్ల కట్ట మొత్తం) సమస్య అవుద్ది. మీరేమో 'చూశావా, ఆగింది' అని కాలరెగరేస్తారు.

మీకు నచ్చని పని ఒకటి చేశాం, చెప్తా వినండి. ఫ్యూజు తీసేసి, దాని కాళ్లు దూరే రెండు సందుల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి పెట్టాం. లైన్‌లో ఎంత షార్ట్ ఉన్నా ఆ బల్బు దాటి పోయేది రెండు ఆంప్స్ లోపే, కాబట్టి ఏదీ కాలదు, ఫ్యూజులూ తగలబడవు. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు ఫుల్లుగా వెలుగుతుంది. పార్కింగ్ బల్బులు కూడా అదే ఫ్యూజు మీదుంటే ముందు వాటిని తీసేయాలి, లేదంటే వాటి కరెంటుకే మన బల్బు కాస్త వెలిగి బోల్తా కొట్టిస్తుంది. మల్టీమీటర్ బీప్ పెట్టి చూద్దామంటారా, దానిదీ అదే నాటకం, చల్లగా ఉన్న 5 వాట్ల బల్బు ఫిలమెంటు రెండు మూడు ఓమ్సే చూపిస్తుంది, మీటరేమో షార్టో షార్టో అని కూస్తుంది, పాపం దానికేం తెలుసు.

ఇక ఆ తర్వాతదంతా ఓపిక. బల్బు వెలుగుతుండగా ఒక్కో కనెక్టరూ పీకడం, హజార్డ్ స్విచ్, ఏసీ ప్యానెల్, ఫాగ్ లైటు స్విచ్, 12 వోల్ట్ సాకెట్, ఏది పీకినా బల్బు చలించలేదు. (పసుపు కనెక్టర్ల జోలికి మాత్రం పోలేదు, అవి ఎయిర్‌బ్యాగులవి, వాటికి టెస్ట్ ల్యాంపు పెట్టేవాళ్లకి దండం.) అందరూ స్విచ్చులనే తిడుతున్నారు, స్విచ్చులన్నీ అమాయకంగా కూర్చున్నాయి. చివరికి స్టీరియో బయటికి లాగగానే బల్బు ఠక్కున ఆరిపోయింది.

వెనక చూస్తే ఆరెంజ్ వైరు, స్టీరియో వెలుగు కోసం ఇచ్చేది, ఎవరో కొత్త స్టీరియో బిగించినప్పుడు అక్కర్లేదని కత్తిరించి కొసకి టేపు కూడా చుట్టకుండా వదిలేశారు. నాలుగు రాగి పోగులు బయటికొచ్చి బ్రాకెట్‌కి ఆనుకుని ఉన్నాయి, బ్రాకెట్ మీద ఆవగింజంత నల్లమచ్చ, పోగుల చివర్లు కరిగి చిన్న గుండుసూది తలల్లా ముద్దకట్టాయి. ఇదీ మీరు ఇరవై ఆంప్స్‌తో పోషిద్దామనుకున్న మహానుభావుడు. బ్యాటరీ టెర్మినల్ తీసి, కొస కత్తిరించి, హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగిసే ప్లాస్టిక్ గొట్టం) తొడిగి, హార్నెస్‌కి కట్టేశాం, మళ్లీ ఎర్ర పదే పెట్టాం. స్విచ్ తిప్పితే అన్నీ వెలిగాయి, మీరు 'ఇరవై వేసుంటే ఇంకా సేఫ్' అంటూ వెళ్లిపోయారు.

ఇట్లు,
స్టీరింగ్ కింద తలకిందులుగా పడుకుని మీ సలహాలన్నీ విన్న ఒక ఓనరు

తా.క. మీ బంధువుల్లో పోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టె రేకు చుట్టి పెట్టే పెద్దాయన ఒకరున్నారు, ఆయనకి విడిగా రాస్తా, ఆయన సంగతి ఒక్క ఉత్తరంతో తేలేది కాదు.