స్క్రీన్ రీడర్ ఉంది, చదివే ఫైలే లేదు

నల్లగొండలో నాకు తమ్ముడి వరసయ్యే పిల్లగాడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. డెస్క్‌టాప్ ముందు కూర్చోగానే మానిటర్ ఆపేస్తాడు, కరెంటు దండగ అని. తెర మీది రాతను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌తోనే అతని పనంతా. హెచ్ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతాడు. ఇన్సర్ట్‌తో కలిపి ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులన్నీ వరసగా వచ్చేస్తాయి. గొంతు వేగం ఎంత పెంచుకున్నాడంటే, నాకది రేకుల మీద వాన పడ్డట్టే వినిపిస్తుంది.

అతను వాడే స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. పైసా కట్టనక్కర్లేదు, తెలుగూ చదువుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనలేక మనవాళ్లు వెనకబడ్డారన్న మాట ఇక చెల్లదు.

తెర మీది రాతను వేలితో తడిమే చుక్కలుగా చూపే బ్రెయిల్ డిస్‌ప్లే కూడా వాడతాడు. గొంతు ఉండగా అదెందుకంటారా? స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న 20 గడుల డిస్‌ప్లే ఒకటి అతని కీబోర్డు ముందు ఉంటుంది. గడుల్లో సన్నని చుక్కలు లేస్తాయి, వేలు పోనిచ్చాక దిగిపోయి తర్వాతి ముక్కకు మళ్లీ లేస్తాయి. గొంతు పరుగెత్తేటప్పుడు శ, ష, స చెవికి దాదాపు ఒకటే. వేలికి కాదు. గడిలోని చుక్కలకు నంబర్లుంటాయి: శ అంటే 1, 4, 6 చుక్కలు. ష అంటే 1, 2, 3, 4, 6. స అంటే 2, 3, 4. ‘విశేషం’ ఎన్నిసార్లు విన్నా రాయబోతే తడబడినవాడు, ఒక్కసారి తడిమాక మళ్లీ తప్పు రాయలేదు. తెలుగులో పరీక్ష రాసేవాడికి వినికిడి చదువు ఒక్కటే చాలదని నాకు అప్పుడే అర్థమైంది. చిన్న డిస్‌ప్లేకే పదుల వేలవుతుంది, నిజమే. నా గొడవ మాత్రం ధర గురించి కాదు.

ఓ రోజు ఒక నోటిఫికేషన్ తెరిచాడు. “ఏందన్నా, ఇది తెలుగేనా?” అన్నాడు. మానిటర్ వేసి చూస్తే చక్కటి తెలుగు. కానీ ప్రింటింగు పనికి వాడే పాత డీటీపీ ఫాంటులో టైపు చేసింది: కంటికి కనబడేది తెలుగు, లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. గొంతు ఆ చెత్తనే చదివింది, వేళ్ల కిందా అదే చెత్త. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఒట్టి బొమ్మ, ఆ చెత్త కూడా లేదు, మౌనమే. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ ఉంది కదా అంటారు. మసకబారిన జిరాక్స్‌లో మన ఒత్తులు దానికెక్కడ దొరుకుతాయి!

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఆఫీసుల్లో మాత్రం ఉత్తర్వును కంప్యూటర్లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, సంతకం పెట్టించి స్కాన్ చేస్తారు, ఆ బొమ్మను వెబ్‌సైట్లో పెడతారు. టైపు చేసిన అసలు ఫైలు అదే కంప్యూటర్లో పడి ఉంటుంది! తెలుగును కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో టైపు చేసి, స్కాన్ పక్కన దాన్నీ పెట్టడానికి ఏ బడ్జెటూ అక్కర్లేదు.

మొన్నటి స్కాన్ 6 పేజీలు. మహబూబ్‌నగర్ నుంచి నేను ఫోన్‌లో చదివాను, అక్కడ అతను టైపు చేసుకున్నాడు. నలభై నిమిషాలు పట్టింది.