అగ్నిభద్రత బైలా గారి సముఖమునకు

విషయం: కొత్త చట్టం వచ్చినా తమరు పాత చొక్కాతోనే తిరుగుతుండటం గురించి.
సూచిక: తమరి మొదటి పేజీ. రద్దయిన చట్టం పేరు ఇంకా అక్కడే ఉంది.

అయ్యా,

తమరు ఒక చట్టం ఇచ్చిన అధికారంతో మున్సిపాలిటీ రాసుకున్న ఉపనియమాలు. తమరిని కన్న ఆ చట్టం కాలం చేసింది. కొత్తది గద్దెనెక్కింది. తమరు మాత్రం "పై చట్టంలోని ఫలానా సెక్షన్ననుసరించి" అంటూ, పోయినవాడి సంతకంతో నోటీసులు పంపుతూనే ఉన్నారు.

దీనికి మున్సిపల్ ఆఫీసుల్లో ఒక తేలిక వైద్యం ఉంది. కంప్యూటర్లో పాత చట్టం పేరు వెతికి, కొత్తది అతికించి, ఫైలు మూసేయడం. పేరు మారింది సరే, సెక్షన్ల అంకెలో? పాత చట్టంలో తనిఖీ అధికారం ఇచ్చిన అంకె దగ్గర కొత్తదాంట్లో అప్పీలు గడువు ఉండొచ్చు. అప్పుడు తమరి ఇన్‌స్పెక్టరు అప్పీలు గడువు చేతబట్టుకుని మేడ మెట్లెక్కుతాడు.

కాబట్టి ముందు ఓ పట్టిక గీయాలి. నాలుగు గళ్లు: తమరి క్లాజు, అది ఆనుకున్న పాత సెక్షన్, కొత్త చట్టంలో దాని చోటు, చివరగా ఉంచడమా మార్చడమా కొట్టేయడమా అన్నది. మూడో గడి ఖాళీగా మిగిలిన క్లాజుల్లోనే అసలు జబ్బు ఉంది. వాటి వెనక అధికారమిచ్చే సెక్షన్ లేకపోతే ఎంత మంచి నియమమైనా కోర్టు గుమ్మం దాటదు. జరిమానా కూడా అంతే. చట్టం గీసిన గరిష్ఠం మీద చిల్లిగవ్వ ఎక్కువ వేసినా చెల్లదు. అన్నట్టు, నోటీసు మీద సంతకం పెట్టాలని తమరు చెప్పిన హోదా ఇప్పుడు ఉందో లేదో కూడా చూడండి.

తమరి నిర్వచనాలు మరీ ముచ్చట. ఎత్తయిన భవనమంటే చట్టం 15 మీటర్లంది, తమరు 18 అన్నారనుకోండి. 16 మీటర్ల మేడ యజమాని తనకు లాభమైనదే చదువుకుంటాడు. ఎత్తు కొలవాల్సింది పైకప్పు దాకానా, ఆఖరి అంతస్తు నేల దాకానా అన్నది చెప్పకపోతే ఆ తేడా మీద లాయర్లు హాయిగా బతికేస్తారు. తిరగరాయడం మానేసి, "చట్టంలో ఉన్న అర్థమే ఇక్కడా" అనండి, చాలు.

ఇక నిప్పును ఆపే తలుపు దగ్గరికి రండి. "ఎల్లవేళలా మూసి ఉంచవలెను" అని తమరి ఆజ్ఞ. తనంతట తాను మూసుకునే ఆ బరువు తలుపును పొద్దస్తమానం తోయలేక జనం దానికి అడ్డంగా ఏం పెడతారో తెలుసా? గోడకున్న ఎర్ర సిలిండరు! మంట ఆర్పాల్సినది పొగకు ద్వారపాలకుడవుతుంది. తలుపును తెరిచి పట్టుకుని, అలారం మోగగానే కరెంటు తెగి వదిలేసే అయస్కాంతాలున్నాయి. కొత్త నిబంధనలు వాటిని ఒప్పుకున్నా, తమరి పాత వాక్యం అలాగే ఉంటే అయస్కాంతం కొన్నవాడికి నోటీసు వస్తుంది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనగానే సిలిండరు పక్కకు జరిపినవాడికి సర్టిఫికెట్ వస్తుంది.

అనుబంధంలో మంటలార్పే పాతకాలపు సోడా యాసిడ్ సిలిండర్లు, ఇసుక బకెట్లు లెక్కపెట్టి మరీ రాశారు. మెట్ల కింద ఛార్జింగ్‌కు పెట్టిన లిథియం బ్యాటరీ బండి మాత్రం తమరి కంట పడలేదు. దాని మంట ఆరినట్టే ఉండి, లోపలి వేడికి మళ్లీ అంటుకుంటుంది. ఇసుక బకెట్టును చూసి జడుసుకునే రకం కాదది.

తమరిని రద్దు చేసే వాక్యం పక్కనే ఇంకొకటి ఉండాలి: ఇప్పటికే ఇచ్చిన నోటీసులు, అనుమతులు, నడుస్తున్న కేసులు కొనసాగుతాయని. అది మరిస్తే, పాత నోటీసులన్నీ గాలికి పోయాయని వాదించేవాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాడు. పాత భవనాలకు కొత్త అలారాలు బిగించే గడువును తేదీ వేసి రాయండి. "తగిన సమయంలో" అన్నారో, ఆ సమయం ఎప్పటికీ రాదు.

ఇట్లు,
తమరి ముసాయిదా మోస్తున్నవాళ్లం

తా.క.: కౌన్సిల్ ఆమోదం, ప్రకటన, అమలు తేదీ అన్నీ అయ్యాక బీరువా తెరిచి చూడండి. పాత చట్టం పేరుతో అచ్చయిన తనిఖీ ఫారాలు ఇంకా రెండు కట్టలుంటాయి. అవి అయిపోయేదాకా వాడమంటారు స్టోర్సు వాళ్లు.