శ్రీమాన్ ఎర్ర రిబ్బన్ గారికి

గౌరవనీయులైన రిబ్బన్ గారికి,

నెల్లూరు నుంచి ఒక మామూలు పన్నుదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమ క్షేమం గురించి అడగడం మర్యాద కాదేమో, మంచి ముహూర్తం ఉన్న ప్రతిరోజూ తమర్ని ఎక్కడో ఒకచోట నడుముకి కోస్తూనే ఉంటారు కదా. అయినా తమ ముఖంలో ఏనాడూ దిగులు చూడలేదు. రెండు గుంజల మధ్య బిగుసుకుని, పళ్లెంలో కుంకుమ పక్కన పడుకున్న కత్తెరను చూస్తూ, ముఖ్య అతిథి కోసం మూడు గంటలు కదలకుండా నిలబడగల ఓపిక ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు.

ముందుగా అభినందనలు. ఆ మధ్య ట్రంకు రోడ్డులో ఒక బట్టల షాపు ఓపెనింగ్‌కు సినిమా తార వచ్చినప్పుడు తమ వైభవం కళ్లారా చూశాం. ముహూర్తం పది గంటలకన్నారు. పది గంటలకు అయ్యవారొచ్చి, పూజ చేసి, సంభావన పుచ్చుకుని వెళ్లిపోయారు కూడా. తార ఒంటిగంట దాటాక వచ్చింది. ఈలోగా వీఆర్సీ సెంటర్ దగ్గర ఒక్క ఆటో కదల్లేదు. ఎండలో మాడుతున్న జనాన్ని చూసి యాంకరమ్మ 'నెల్లూరు, సౌండ్ వినపడట్లేదు' అని మైకులో అరిచింది. గొంతు తడారిపోయినవాళ్లకు సౌండ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? తారగారు స్టేజీ ఎక్కి, నెల్లూరంటే తనకు ప్రాణమనీ, ఇక్కడి చేపల పులుసు జన్మలో మర్చిపోలేననీ చెప్పి, తమర్ని కత్తిరించి, ఇరవై నిమిషాల్లో కారెక్కింది. అదే షాపు ఒంగోలు బ్రాంచి తెరిచినప్పుడు ఒంగోలు గిత్తల మీద కూడా ఇంతే ప్రాణం పెట్టుకుందని మా బావమరిది చెప్పాడు.

నాకు దాంతో పేచీ లేదు. షాపు వాళ్ల డబ్బు, వాళ్ల సోకు. పైగా షాపు విషయంలో తమ బాధ్యత ఒక్క పూటతో తీరిపోతుంది. మర్నాటి నుంచి షట్టర్ ఎత్తేది యజమాని. పది నెలల అద్దె అడ్వాన్సు, పాత కిరాయిదారుకు గుడ్‌విల్, లోపల ఫర్నిచరు, బ్యాంకులో ముద్ర లోను, అదీ చాలకపోతే ఇంట్లోవాళ్ల గాజులు. ఇన్ని పెట్టినవాడు పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తకపోతే బోణీ ఉండదు. బోణీ లేని నెలలో కంతు కట్టలేడు. తమరు వచ్చినా రాకపోయినా వాడికి రోజూ ప్రారంభోత్సవమే.

మా వీధి మొగదల ఉన్న ఒక షట్టర్ చరిత్ర మనవి చేస్తాను. మొదట అక్కడ సెల్‌ఫోన్ కవర్ల కొట్టు పెట్టారు. తమరొచ్చారు. తర్వాత మండీ బిర్యానీ. తమరు మళ్లీ వచ్చారు, ఈసారి బెలూన్లతో సహా. ఆరంభ ఆఫర్ కింద రూపాయికే బిర్యానీ అంటే మా వాళ్లు ఇనప్పెట్టెల్లోంచి పాత రూపాయి నోట్లు కూడా తీసుకొచ్చి రోడ్డు మలుపు దాకా వరస కట్టారు. ఆఫర్ అయిపోయిన మర్నాడు ఈగలు కూడా రేటు చూసి వెళ్లిపోయాయి. ఆ తర్వాత బెల్లం టీ. దాని ఓపెనింగ్‌కు వచ్చిన బొకేలు వాడిపోకముందే 'టు లెట్' బోర్డు పడింది. ప్రతిసారీ అప్పులపాలైంది కొత్త కుర్రాడు, బాగుపడింది షట్టర్ ఓనరు, కొత్త బట్ట కట్టుకుని పుట్టింది తమరు.

ఇప్పుడు అక్కడ మెడికల్ షాపు నడుస్తోంది. దానికి తమర్ని పిలవలేదు. గుమ్మడికాయ కొట్టి, గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, నేరుగా కౌంటర్లో కూర్చున్నాడు. రాత్రి పదకొండు దాకా దీపం వెలుగుతుంది. పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి బండి తీసి దర్గామిట్ట దాకా పోవలసిన అవస్థ తప్పింది. పింఛను డబ్బులు ఇంకా పడని ముసలాయన బీపీ మాత్రలు ఐదు అడిగితే, షీటులోంచి ఐదే కత్తిరించి ఇస్తాడు. చూశారా, వాడి దగ్గరా ఒక కత్తెర ఉంది. రోజంతా పనిచేస్తుంది, ఎవరూ దానికి చప్పట్లు కొట్టరు.

షాపుల సంగతి అలా ఉంచండి. నేను రాయదలుచుకుంది తమ రెండో ఉద్యోగం గురించి. అదే, 'ప్రజల సౌకర్యార్థం' అని బోర్డు పెట్టిన చోట్ల తమరు చేసే కొలువు గురించి.

నేను పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు పల్లెలో. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తమరికి ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే వేదిక మీద తమ చుట్టూ బాటిల్ నీళ్లే ఉంటాయి. చిన్నపిల్లల పళ్ల మీద గార మరకలు, నలభై దాటితే మోకాళ్లూ నడుమూ పట్టేయడం మా వైపు వింత కాదు. అలాంటి ఊరికి ఒకనాడు వాటర్ ప్లాంట్ వచ్చింది. డప్పులు, టపాకాయలు, తమరు. ముఖ్య అతిథి మొదటి గ్లాసు పట్టుకుని తాగినట్టు ఫొటో దిగాడు (తాగాడో లేదో ఆ గ్లాసుకే తెలియాలి). అంత ఉప్పుతేలిన నీళ్లను వడగట్టే యంత్రానికి ఫిల్టర్లు వేళకు మార్చాలి, మెంబ్రేన్ అనే వడపోత పొర పాడైతే కొత్తది వేయాలి. పాడైంది. దానికి డబ్బు ఏ పద్దులో ఉందని పంచాయతీలో అడిగితే పై ఆఫీసును అడగమన్నారు. పై ఆఫీసులో అడిగితే 'మేం కట్టి అప్పజెప్పేశాం గదా, ఇంక మాకేం సంబంధం' అన్నారు. ప్లాంట్ గోడ మీద చుట్టూ చేరినవాళ్ల పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆటోలో క్యాన్లు వేసుకొచ్చే కుర్రాడు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాగా పెట్టకుండా వస్తున్నాడు. మా ఊరికి నీటి సరఫరా అంటే వాడే.

కమ్యూనిటీ హాళ్ల గురించి ఎక్కువ చెప్పను. తాళం ఒకరింట్లో, లోపల కంది బస్తాలు ఇంకొకరివి, బయట అరుగు మీద పేకాట అందరిదీ. పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాల మీద బట్టలు బాగా ఆరుతున్నాయి, ఆ మేరకు సంతోషం.

గ్రంథాలయాల దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మేం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసేది మున్సిపాలిటీలు, పంచాయతీలు. చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. దారిలో ఆ పైసలు బకాయి పేరుతో మజిలీలు చేయడం రాష్ట్రమంతా పాత కథే. అంటే లైబ్రరీ ఎవరో మాకు పెట్టే దానం కాదు, మా ఇంటి గోడల్లోంచి తీసుకున్న డబ్బు. కొత్త భవనం కడితే తమరు వస్తారు, సంతోషం. కానీ గ్రంథపాలకుడు రిటైరై ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతే, దాన్ని నింపిన రోజున తమర్ని ఎవరూ కట్టరు. శ్లాబు కారకుండా సిమెంటు పూసిన రోజున కట్టరు. డీఎస్సీకి చదివే పిల్లలు రాత్రి తొమ్మిది దాకా కూర్చోడానికి ఒక మనిషిని పెడితే, ఆ మనిషి మొదటి జీతం రోజున కట్టరు. ఫొటో రాని పనికి బిల్లు పాసవడం కష్టం. ఇందులో తమ తప్పేమీ లేదంటారా? పోనీ, తమకు వాటా లేదంటారా?

తమ అన్నగారు శిలాఫలకం ప్రస్తావన లేకుండా ఈ ఉత్తరం ముగిస్తే ఆయన నొచ్చుకుంటారు. ఆయన మా వాడే. చీమకుర్తి గనుల్లో పుట్టి, నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలతో గెలాక్సీ గ్రానైట్ అని దేశదేశాల హోటళ్లకూ భవంతులకూ పోతుంటాడు. స్వదేశంలో ఉండిపోయినవాడికి మాత్రం పేర్లు మోసే కూలి. ఎవరి చేతుల మీదుగా, ఎవరి అధ్యక్షతన, విశిష్ట అతిథులు ఎవరు, ఆత్మీయ అతిథులు ఎవరు. ప్రోటోకాల్‌లో ఒక పేరు ఒక వరస కిందికి జారితే ధర్నా. గోడ కట్టిన మేస్త్రీ పేరు ఉండదు. పంపు చెడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు ఉండదు. గ్రానైట్ గనక భవనం పోయినా ఆయన ఉంటాడు.

ఒక్కోసారి ఆయన జంటగా కూడా వస్తాడు. రామాయపట్నం పోర్టుకు 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2022 జూలైలో ఇంకో ముఖ్యమంత్రి భూమిపూజ చేశారు. సముద్రం ఒకటే, రేవు ఒకటే, భూమిపూజలు మాత్రం పార్టీకొకటి. వెలిగొండ ప్రాజెక్టు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కిందుగా మా ప్రకాశం మెట్టకు నీళ్లు తేవాలని 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకున్నారు. 2024 మార్చిలో ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాలను జాతికి అంకితం చేశారు. ముంపు గ్రామాలవాళ్లకు పునరావాసం పూర్తి కాలేదు గనక ఆ రోజు నీళ్లు మాత్రం వదల్లేదు. జాతికి అందింది సొరంగం.

పాతకాలం వాళ్లకు ఈ వరస తెలియదు పాపం. స్వాతంత్ర్య సమరయోధురాలు పొణకా కనకమ్మ గారు నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం మొదలుపెట్టింది 1923లో. గాంధీగారు వచ్చి దానికి శంకుస్థాపన చేసింది 1929లో. ముందు పిల్లలు, చదువు. రాయి తర్వాత, తీరిగ్గా. ఈనాటి ఏ పీఏకు ఈ ప్రోగ్రాం షీటు చూపించినా 'తారుమారు టైపు చేశారు' అని వెనక్కి పంపేస్తాడు. అంతకుముందు 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించింది కూడా గాంధీగారే. ఆయన ప్రారంభించి వెళ్లారు. స్థలమిచ్చిన కనకమ్మ గారు, అక్కడే ఉండి నడిపిన దిగుమర్తి హనుమంతరావు గారు వెళ్లలేదు.

అంత దూరం ఎందుకు, స్వర్ణాల చెరువు దగ్గరికే రండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి ఎంత జనం వస్తారో తమరు చూడాలి. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. కోరిక ఉన్నవాడు నీళ్లలో నిలబడి రొట్టె పట్టుకుంటాడు. కోరిక తీరినవాడు మళ్లీ వచ్చి, అదే రొట్టె ఇంకొకడికి ఇవ్వాలి. నాయకులొచ్చినా ప్యాంటు పైకి మడిచి ఆ నీళ్లలోకి దిగవలసిందే. ఈ పండగంతా ఒక్క మాట మీద నడుస్తోంది, తిరిగి రావడం. తమర్ని కత్తిరించిన పెద్దమనుషుల్లో ఏడాది తర్వాత ఆ గుమ్మానికి తిరిగొచ్చి 'నీళ్లొస్తున్నాయా?' అని అడిగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, మీ ఇంటికి రొట్టె నేను తెస్తాను.

అందుకే నాదొక విన్నపం. షాపుల వాళ్లు ఏడాది తిరగ్గానే యానివర్సరీ సేల్ పెడతారు. నిలబడ్డామని చెప్పుకోవడానికి వాళ్లకు అదొక పండగ. తమరు కూడా ప్రభుత్వ గుమ్మాలకు మొదటిరోజు వెళ్లడం మానుకుని, ఏడాది నిండాక వెళ్లండి. కుళాయి తిప్పితే నీళ్లొచ్చిన చోట, తాళం వేళకు తీసిన చోట మాత్రమే కట్టించుకోండి. కత్తెర ముఖ్య అతిథికి కాకుండా, రోజూ తాళం తీసే మనిషికి ఇప్పించండి. వీవీఐపీలకు తీరిక చిక్కుతుంది. ట్రాఫిక్ పోలీసులకు ఒక పూట కూర్చుని అన్నం తినే యోగం పడుతుంది. తమరికి మాత్రం కొంత నిరుద్యోగం తప్పదు, క్షమించాలి.

ఇదంతా ఇప్పుడే రాయడానికి కారణముంది. వచ్చే గురువారం మా కాలనీ కమ్యూనిటీ హాలు ప్రారంభానికి తమరు వేంచేస్తున్నారని ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ నిండా దండం పెడుతున్న ముఖాలు, పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి, అట్టడుగున పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా కలిసిపోయాయి. వాచ్‌మన్ ముఖం ఎంత వెతికినా కనపడలేదు. హాలుకు ఇంకా కరెంటు మీటరు బిగించలేదు. అడిగితే, 'ఒక్క పూటే గదన్నా, పక్కింట్లోంచి వైరు లాగుతాం' అన్నారు కుర్రాళ్లు. ఆ పక్కిల్లు మాదే. మైకు సెట్టు, నాలుగు కూలర్లు, సీరియల్ లైట్లు, ఇంకా శాలువాల కార్యక్రమం ఎంతసేపు సాగుతుందో. తమ మీది గౌరవం కొద్దీ వైరు ఇస్తానని ఒప్పుకున్నాను. మీటరు రీడింగ్ ముందూ వెనకా రాసి ఉంచుతాను, బిల్లు ఏ పేరు మీద పంపాలో కనుక్కుని తెలియజేయగలరు.

ఇట్లు,
హాలు పక్కింటివాడు